డ్రైయర్ కావాలా, దండెం కావాలా?

దసరాకు మా ఇంట్లో వాషింగ్ మిషన్ కొనే మాట వచ్చింది. బెంగళూరులో ఉండే అన్న ఫోన్ చేసి, "తీసుకుంటే గుడ్డల్ని పూర్తిగా ఆరబెట్టే డ్రైయర్ ఉండేదే తీసుకోండి, వానలప్పుడు గుడ్డలు ఆరక కంపు కొడతాండాయి" అన్నాడు. అవ్వ ఊరుకోలేదు. "మిద్దె మీద అంత ఎండ పెట్టుకొని కరెంటుకు దుడ్లు కట్టాల్నా?" అనింది. ఎవరి మాట సరి అని నాకు పట్టుకుంది.

ముందు మాట సంగతి చూద్దాం. మన ఇళ్ళల్లో 'డ్రైయర్' అనేది రెండు వేరే పనులకు ఒకే పేరు. సెమీ ఆటోమేటిక్ మిషన్లో రెండో తొట్టి గుడ్డల్ని ఆరబెట్టదు. నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరిగి నీళ్ళను బయటికి చిమ్ముతుంది, అంటే పిండుతుంది. అమెరికా ఇళ్ళల్లో ఉండే టంబుల్ డ్రైయర్ వేరు. అది వేడిగాలిలో గుడ్డల్ని దొర్లించి తడిని ఆవిరి చేస్తుంది. తెలుగుకు ఈ తేడా ఎప్పుడో తెలుసు. గుడ్డను పిండుతాం, తర్వాత అది ఆరుతుంది. మిరపకాయ మాత్రం ఎండుతుంది. ఎండ, ఎండు అనే మాటలు ఎంత దగ్గరివో చూడండి!

ఇప్పుడు లెక్క. లీటరు నీళ్ళు ఆవిరి కావాలంటే సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి కావాలి. ఒక యూనిట్ కరెంటు 3,600 కిలోజౌళ్ళు. పిండిన గుడ్డల్లో మూడు లీటర్ల తడి మిగిలిందనుకుంటే, హీటరుతో నడిచే డ్రైయర్‌కు ఒక్క విడతకే కనీసం రెండు యూనిట్లు. హీట్ పంపు రకానికి ఇంతకంటే బాగా తక్కువే, కానీ ధర ఎక్కువ. మన బాగేపల్లి, చింతామణి పక్క వాన ఎక్కువగా పడేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. మిగతా ఏడాదంతా ఆ రెండు యూనిట్ల పని ఎండా గాలీ ఊరికే చేస్తాయి.

అట్లని అవ్వ మాట పూర్తిగా ఒప్పుకోలేను. ఎండ ఊరికే వస్తుంది గానీ, తడి గుడ్డల బకెట్టు మిద్దెకు ఊరికే ఎక్కదు. అది మోసేది అమ్మ. దుప్పట్లు పిండి పిండి నొప్పి పుట్టేది అమ్మ మణికట్టు. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన కాల వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. అందుకే పిండే తొట్టి అవసరమే అంటాను. ఆరబెట్టే యంత్రం మన ఊరికి అనవసరం.

అమెరికాలో ఇంకో చిత్రం. అక్కడ చాలా కాలనీల్లో బయట తీగ కట్టి గుడ్డలు ఆరేయకూడదని సంఘాల కట్టడి ఉంది. చూపుకు బాగుండదట! దాన్ని కాదని గుడ్డలు ఆరేసుకునే హక్కు కోసం చట్టాలే చేయాల్సి వచ్చింది. ఫ్లోరిడాలో అట్లాంటి చట్టం ఉంది, వెర్మాంట్‌లో 2009లో వచ్చింది. ఇది చదివి మొదట నవ్వుకున్నాను. తర్వాత మా దండెం గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

అన్న బనియన్లు మిద్దె మీద నడి ఎండలో ఊగుతాయి. నా లోదుస్తులు, అమ్మవి, టవల్ కింద దాక్కుంటాయి. నెలసరి గుడ్డలైతే బాత్‌రూములో తలుపు వెనక చీకట్లో. సబ్బుతో ఉతికి, ఎండలో బాగా ఆరాల్సింది అన్నిటికంటే ముందు అవే. సగం తడితో మళ్ళీ వాడితే దురద, ఇన్‌ఫెక్షన్ వస్తాయని మనకు తెలియనిది కాదు. ఎండకు కొదవలేని ఊళ్ళో మన గుడ్డలకే ఎండ లేదు. దీనికి ఏ కంపెనీ డ్రైయర్ అమ్ముతుంది?

చివరికి పిండే తొట్టి ఉన్న మిషనే తెచ్చుకున్నాం. మిద్దె మీద రెండో తీగ నేనే కట్టాను. మొదటిరోజు నా గుడ్డలన్నీ ఏదీ దాచకుండా దాని మీద ఆరేశాను. అవ్వ పైకొచ్చి చూసి ఏమీ అనలేదు. కాసేపటికి అమ్మ వచ్చి, "ఎవరన్నా చూస్తారు మే" అంటూ తన టవల్ వాటి మీద కప్పి పోయింది. అమ్మ కిందికి దిగినాక టవల్ తీసి పక్కన ఆరేశాను.