కొలతయిచ్చి చేయించుకొను చెప్పులు: పంచాయతీ సభ్యులకొక పాఠము

వడ్రంగిచేత నాగలి చేయించుకొనునప్పుడు రైతు కఱ్ఱను తానే ఎంచుకొనును. పని జరుగుచుండగా ప్రక్కన నిలిచి చూచును. అదే రైతు చెప్పులు కుట్టు పనివానివద్దకు పోయి "ఒక జోడు కుట్టిపెట్టు" అని ఒక్కమాటతో సరిపెట్టును. కొలత చెప్పడు, ధర అడుగడు, గడువు పెట్టడు. జోడు చేతికి వచ్చిన పిదప బిగువుగా ఉన్నదనియో, వెల యెక్కువనియో తగవు పుట్టును. ఇటువంటి తగవులలో పెక్కింటికి మూలము పనివాని చేతిలో గాక, పని అప్పగించిన తీరులో ఉన్నదని మా అభిప్రాయము. కావున తోలుపనిని అప్పగించు పద్ధతిని ఈ పాఠములో వివరించుచున్నాము.

పూర్వపు పద్ధతి

పూర్వము తోలుపనివారికి జోడు కింత యని వెల లేదు. పెక్కు గ్రామములలో పంట కళ్ళమునకు వచ్చినప్పుడు వారికి మేర కొలిచెడివారు. దానికి మారుగా వారు ఏడాది పొడుగునను రైతులకు చెప్పులు, మోటబొక్కెనలు, పశువుల పట్టెడలు సమకూర్చవలెను. నైజాము పాలనలోని తెలంగాణములో దేశముఖులకు ఈ వస్తువులను వెట్టిగా, అనగా ప్రతిఫలమేమియు లేకుండ, ఇయ్యవలసి వచ్చెడిది. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణముచే అంటరానితనమును, 23వ అధికరణముచే వెట్టిని నిషేధించినది. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టము వచ్చినది. చట్టములు మారినను, "మనవాడేగదా, పంట వచ్చిన తరువాత ఇత్తము" అను అలవాటు కొన్ని యిండ్లలో ఇంకను పోలేదు.

తోలును గుర్తెఱుగుట

ఒకప్పుడు గ్రామములోని లందలోనే తోలు పదునయ్యెడిది. పచ్చితోలును సున్నపునీటిలో నానవేసి, వెండ్రుకలు తీసి, తంగేడు చెక్క, తుమ్మచెక్క, కరక్కాయల కషాయములో కొన్ని వారములపాటు ఉంచెడివారు. నేడు గ్రామములలోని లందలు చాలవఱకు మూతపడినవి. పనివారు పట్టణములో తయారైన తోలును తమ సొమ్ముతో కొని తెచ్చుకొనుచున్నారు. ఈ ఒక్క మార్పును గ్రహించినచో బయానా ఎందుకియ్యవలెనో బోధపడును.

తోలు ముఖ్యముగా రెండు విధములు. చెక్క కషాయముతో పదునుచేసినది గట్టిగా ఉండి, వాడుకలో పాదమునకు ఒదుగును. అట్టలకు ఇది శ్రేష్ఠము. క్రోము లవణములతో పదునుచేసినది మెత్తగా ఉండి, తడికి కొంత ఓర్చును. పైభాగములకును, సంచులకును అనుకూలము. కోసిన అంచు గోధుమవర్ణముగా ఉన్నచో సాధారణముగా అది చెక్కతోలు. నీలిబూడిద రంగు కనబడినచో క్రోముతోలు. వెనుకవైపు పోగులు గల బట్ట కనబడినచో అది తోలే కాదు, రెక్సిను. వీపు భాగపు తోలు బిగువుగా నిలుచును. పొట్ట భాగపు తోలు సాగును. కావున చెప్పుల వార్లను వీపు భాగమునుండి నిలువునా కోయుమని కోరవలెను.

కొలత ఇచ్చుట

మనిషి కుడి ఎడమ పాదములు సాధారణముగా సరిసమానముగా ఉండవు. కావున రెండు పాదములకును వేర్వేరుగా కొలత తీయించుకొనవలెను. కాగితముపై నిలుచుండి, బరువంతయు పాదములపై మోపి, చుట్టును గీత గీయించవలెను. కూర్చుండి ఇచ్చిన కొలత పొట్టిదగును. వ్రేళ్ళ మొదట చుట్టుకొలతను, పాదపు మిట్టపై చుట్టుకొలతను వ్రాయించవలెను. దినమంతయు నడచిన పాదములు సాయంకాలమునకు కొంత ఉబ్బును గనుక ఆ వేళనే కొలత ఇచ్చుట మేలు. పొలములో నడచుటకా, ఊరు పోవుటకా అనునదియు ముందుగనే చెప్పవలెను.

మధుమేహ రోగుల విషయమున మరింత జాగ్రత్త కావలెను. వారిలో కొందఱికి పాదములలో స్పర్శ తగ్గును. చెప్పు ఒరిసినను తెలియదు. చిన్న పుండు ముదిరి కాలు తీయవలసివచ్చు ప్రమాదము కలదు. వారి చెప్పులకు బొటనవ్రేలి ఉంగటము ఉండరాదు. లోపల మేకుమొనగాని, గట్టి కుట్టుగాని తగులరాదు. మెత్తని ఎం.సి.ఆర్. రబ్బరు అట్టయు, మడమ వెనుక వారును ఉండవలెను. అంగడిలో ఒకే అచ్చున పోసిన చెప్పు ఎల్లరి పాదములకును సరిపడదు. కొలతయిచ్చి చేయించుకొనుటలోని ప్రయోజనము ఇట్టివారికి స్పష్టముగా తెలియును. అయితే ముందుగా వైద్యుని సలహా తీసికొనవలెను.

ధర, బయానా, గడువు

ధరలో నాలుగు భాగములున్నవి: తోలు వెల, అట్ట, దారము, మైనము, మేకుల వెల, పనిదినముల కూలి, ఆరె, రంపె మొదలగు పనిముట్ల అరుగుదల. మన గ్రామములో నేర్పుగల మేస్త్రీకి ఇచ్చు దినకూలికి తోలుపనివాని కూలి తగ్గుటకు న్యాయమైన కారణము లేదు. సరకుల వెల అంతయు బయానాగా ఇచ్చుట మంచిది. లేనిచో పనివాడు అప్పు తెచ్చి మన చెప్పులు కుట్టవలసివచ్చును. ఆ వడ్డీ అతని కూలిలోనుండియే పోవును.

ఈ మాటలను రెండు చీటీలమీద వ్రాసి చెరియొకటి ఉంచుకొనవలెను. చీటీలో వస్తువు పేరు, తోలురకము, కొలతలు, మొత్తము ధర, ముట్టిన బయానా, ఇచ్చు తేది, బిగువైనను వదులైనను సరిచేయు నియమము ఉండవలెను. కొలత ప్రకారము కుట్టిన జోడును "మనసు మారినది" అని త్రిప్పి పంపుట అన్యాయము. అది మఱియొకరి పాదమునకు పట్టదు. కొలత తప్పినచో సరిచేయుట పనివాని బాధ్యత.

మర్యాద సంగతియు చెప్పవలసియున్నది. మన పాదము ముట్టి కొలత తీయు మనిషిని "మీరు" అని పిలుచుట, కూర్చుండుటకు పీట వేయుట, సొమ్మును నేలపై పెట్టక చేతికిచ్చుట మన విధి. అంటరానితనము పాటించుట 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టము క్రింద నేరమని సభ్యులు గ్రామస్థులకు తెలుపవలెను.

వస్తువును కాపాడుకొనుట

కొత్త జోడును మొదట ఇంటిలో కొద్దిసేపు తొడిగి చూడవలెను. గట్టి తోలునకు ఆముదము పట్టించిన మెత్తబడును. తడిసినప్పుడు ఎండలోగాని పొయ్యిదగ్గఱగాని పెట్టక నీడలో ఆరవేయవలెను. ఒక కుట్టు తెగగానే తీసికొనిపోయి వేయించినచో జోడు మరికొంతకాలము వచ్చును.

పంచాయతీ చేయదగినది

గిరాకీ మారినప్పుడు క్రొత్త పని అందినచో వృత్తి నిలుచునని ధర్మవరము ప్రాంతములోని నిమ్మలకుంట చూపుచున్నది. తోలుబొమ్మలాటకు ఆదరణ తగ్గినపుడు అచ్చటి కళాకారులు అదే మేకతోలుపై దీపపు తొడుగులు, అలంకార వస్తువులు చేయసాగిరి. ఆ గ్రామపు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకములోని 18 వృత్తులలో చెప్పులు కుట్టువారి వృత్తియు చేర్చబడినది. శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయల సహాయము, 5 శాతము వడ్డీపై పూచీ లేని ఋణము మొదట 1 లక్ష, పిదప 2 లక్షల రూపాయల వఱకు ఇందులో ఏర్పాటు చేయబడినవి. దరఖాస్తుల తొలి పరిశీలన గ్రామ పంచాయతీ స్థాయిలోనే జరుగును. ఆ కాగితము మన బల్లపై ఆలస్యమైనచో ఒక కుటుంబపు జీవనమే ఆలస్యమగును.

సభ్యులారా, రాబోవు సమావేశమునకు ముందు మీ గ్రామములో తోలుపని ఎఱిగినవారు ఎందఱున్నారో, వారికి రావలసిన పాత బాకీలు ఏమున్నవో విచారింపుడు. ఆ జాబితాలో మన పేరే ఉన్నచో మొదట దానిని చెల్లించి, ఆ పిదప ఇతరులకు చెప్పుదము.