మనూరి జట్టు

పిట్స్‌బర్గ్

చి. అల్లుడికి,

మొన్న పెన్ హిల్స్ గుడిలో దర్శనం అయ్యాక కింద పులిహోర తింటూ నువ్వొక మాట అడిగావు. "మామయ్యా, ఇన్నేళ్లుగా ఈ ఓడిపోయే జట్టునే ఎందుకు పట్టుకుని ఉన్నావు?" అని. నీ చేతిలో కొత్త లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ టోపీ ఉంది. 2024లోనూ 2025లోనూ వరసగా బేస్‌బాల్ కప్పు కొట్టిన జట్టు మరి. నలుగురి మధ్యా ఏం చెబుతాంలే అని ఊరుకున్నాను గానీ, ఇంటికొచ్చాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

2024 మేలో చెన్నైలో ఐపీఎల్ ఫైనల్ గుర్తుందా? సన్‌రైజర్స్ 113కే ఆలౌటయ్యారు. ఆ రాత్రి నువ్వు అన్నం ముట్టలేదని మీ అమ్మ నాకు ఫోన్ చేసింది. "ఆటకి అంత ఇదైపోవాలా అన్నయ్యా" అని దిగులుపడింది. నాకు మాత్రం నీ మీద ముచ్చటేసింది. ఆ జట్టు కెప్టెన్ ఆస్ట్రేలియా వాడు. తెలుగు కుర్రాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా అది నీ జట్టు, ఉప్పల్లో ఆడుతుంది గనక. మరి ఇప్పుడు నువ్వుండే గది నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, అలెఘేనీ నది ఒడ్డున మన పైరేట్స్ ఆడుతుంటే, నీకు లాస్ ఏంజెలెస్‌తో ఏం పనిరా?

నేను ఈ ఊరికి వచ్చింది 1990లో. శని, ఆదివారాలు ఎలా గడపాలో తెలిసేది కాదు. ఆఫీసులో నా పక్క సీటు పెద్దాయన, ఉక్కు మిల్లు కార్మికుడి కొడుకు, ఒక సాయంత్రం నన్ను ఆటకి లాక్కెళ్లి చేతిలో ఒక స్కోరు కార్డూ పెన్సిలూ పెట్టాడు. మైదానంలో ఒక్కో స్థానానికి ఒక్కో నంబరు. పిచర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, షార్ట్‌స్టాప్ 6. బంతిని షార్ట్‌స్టాప్ అందుకుని సెకండ్ బేస్‌కి, అక్కణ్ణుంచి ఫస్ట్ బేస్‌కి విసిరి ఇద్దర్ని అవుట్ చేస్తే గడిలో 6-4-3 అని రాయాలి. స్ట్రైకౌట్ అయితే "కె" అక్షరం. బ్యాటు ఊపకుండా చూస్తూ నిలబడిపోయి అవుటైతే అదే అక్షరాన్ని తిరగేసి రాయాలి. ఆ తిరగేసిన అక్షరం దగ్గర నాకు ఈ ఆట పట్టుబడింది. బ్యాటు ఊపకపోవడం కూడా ఒక నిర్ణయమే, దానికీ లెక్క ఉంది.

క్రికెట్ కళ్లతో చూస్తే నీకు మొదట విసుగు పుడుతుంది. పిచ్ లేదు, బౌన్స్ లేదు, పదిసార్లలో మూడుసార్లు హిట్ కొట్టినవాణ్ణి గొప్పవాడంటారు. కాస్త ఓపిక పట్టు. ఒక సీజన్‌లో 162 ఆటలు. బాగా ఆడే జట్టు కూడా అరవైకి పైగా ఓడిపోతుంది. స్టీలర్స్ ఫుట్‌బాల్ ఆట పండగ భోజనమైతే బేస్‌బాల్ రోజూ ఇంట్లో తినే పప్పన్నం. ఈ రోజు పోతే రేపు మళ్లీ ఆట ఉంది. పరదేశంలో ఒంటరిగా ఉన్నవాడికి "రేపు మళ్లీ ఉంది" అన్నది ఎంత ధైర్యమో అప్పట్లో నాకు తెలిసొచ్చింది.

1992 అక్టోబర్ 14 రాత్రి అట్లాంటాలో లీగ్ ఫైనల్ ఏడో ఆట. తొమ్మిదో ఇన్నింగ్స్ మొదలయ్యేసరికి మనం 2-0తో ముందున్నాం. మూడు అవుట్లు చేస్తే వరల్డ్ సిరీస్. చివరి అవుట్ మిగిలి ఉండగా అట్లాంటా బ్యాటర్ కబ్రెరా హిట్ కొట్టాడు. సెకండ్ బేస్ నుంచి పరుగెత్తుకొచ్చినవాడు సిడ్ బ్రీమ్. అంతకుముందు మన జట్టులోనే ఆడినవాడు, పాడైన మోకాళ్లవాడు. మన బాండ్స్ విసిరిన బంతితో క్యాచర్ వాణ్ణి తాకేలోపే వాడి కాలు హోమ్ ప్లేట్‌ను తాకింది. అంతే, ఓడిపోయాం. ఆ తర్వాత బాండ్స్ వెళ్లిపోయాడు. వరసగా ఇరవై సీజన్లు గెలుపుల కన్నా ఓటములే ఎక్కువ. మా అమ్మాయి, మీ వదిన, 93లో పుట్టింది. ఆమె పుట్టిన ఏడాది మొదలైన చీకటి ఆమెకు ఇరవై నిండాక గానీ తీరలేదు.

2013 అక్టోబర్ 1న ఆమెను వెంటబెట్టుకుని సిన్సినాటీతో ఆటకి వెళ్లాను. నలభై వేల మంది నల్లబట్టల్లో వచ్చారు. వాళ్ల పిచర్ క్వేటో పేరును సాగదీస్తూ స్టేడియమంతా ఒకే గొంతుతో అరుస్తుంటే, అతని చేతిలోంచి బంతి జారి కింద పడింది. ఆ తర్వాతి బంతినే రస్సెల్ మార్టిన్ స్టాండ్స్‌లోకి కొట్టాడు. నా పక్కన ఎవరో ముసలాయన నన్ను కౌగిలించుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. అంతకు ముందు ఆయన్ని చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఈ ఊరు నాది అని నాకు అనిపించింది సిటిజన్‌షిప్ కాగితం చేతికొచ్చిన రోజున కాదు, ఆ రాత్రి.

క్లెమెంటే గురించి నీకు తప్పక చెప్పాలి. ప్యూర్టో రికో నుంచి వచ్చి 1955 నుంచి పద్దెనిమిది సీజన్లు ఇక్కడే ఆడాడు. ఆయన ఇంగ్లీషు యాసను పత్రికలు ఉన్నదున్నట్టు అచ్చేసి వెక్కిరించేవి. రొబెర్టో అని పిలవండయ్యా అంటే బాబ్ అని రాసేవి. నా పేరును కూడా ఆఫీసులో రెండక్షరాలకు కత్తిరించారు కాబట్టి ఆ నొప్పి నాకు తెలుసు. 1972 సెప్టెంబర్ 30న మూడు వేలవ హిట్ కొట్టాడు. ఆ డిసెంబర్‌లో నికరాగువాలో భూకంపం వస్తే, పంపిన సాయం బాధితులకు చేరడం లేదని విని, సరుకుల విమానంలో తానే బయల్దేరాడు. డిసెంబర్ 31 రాత్రి అది సముద్రంలో కూలిపోయింది. ఆయన శరీరం దొరకలేదు. మైదానంలో రైట్ ఫీల్డ్ గోడ ఎత్తు 21 అడుగులు, ఆయన జెర్సీ నంబరు అది. ఆట రోజుల్లో ఆయన పేరున్న వంతెన మీద కార్లు ఆపేస్తారు. దాని మీద నడిచి వెళ్లు.

మన దేశపు కుర్రాళ్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్ అంతకుముందు బేస్‌బాల్ ఆడకపోయినా టీవీ పోటీలో రాణించి, 2008లో ఒప్పందం చేసుకున్నది కూడా ఈ జట్టుతోనే. ఇద్దరూ పెద్ద లీగ్ దాకా రాలేదు. అయినా ఆ వార్త చదివిన రోజు నేను ఆఫీసంతా చెప్పుకుని తిరిగాను.

నీ మాటలో నిజం లేదని కాదు. బేస్‌బాల్‌లో జీతాలకు పైపరిమితి లేదు. డబ్బున్న ఊళ్లు తారల్ని కొనుక్కుంటాయి, మన జట్టు తక్కువ ఖర్చు పెట్టేవాటిలో ఒకటి. 2013 ఎంవీపీ మెక్‌కచెన్‌ని 2018 జనవరిలో వేరే జట్టుకి ఇచ్చేసినప్పుడు నేను వారం రోజులు మామూలుగా లేను. 2023లో తిరిగొచ్చినప్పుడు నిలబడి చప్పట్లు కొట్టాను. యాజమాన్యం మీద కోపం వస్తే రానీ. కోపం జట్టు మీద మమకారంలో భాగమే. కానీ ఆ కోపాన్ని భోజనాల దగ్గరికి తేకు, ఇంట్లోవాళ్ల మీద చూపించకు.

ఇంకొకటి, ఇది గట్టిగానే చెబుతున్నాను. ఫోన్లో పందేలు ఈ రాష్ట్రంలో చట్టబద్ధం. వాటి జోలికి పోకు. క్రికెట్ బెట్టింగు మన దగ్గర ఎన్ని ఇళ్లు గుల్ల చేసిందో చూసినవాడివి. ఇక్కడా మనవాడొకడు ఏడాదిగా మిగుల్చుకున్నదంతా ఆరు వారాల్లో ఊడ్చిపెట్టుకున్నాడు. వాడిప్పుడు ఆట చూడలేడు, అంకెలే చూస్తాడు.

పాల్ స్కీన్స్ అని ఒక పిచర్ ఉన్నాడు. 2024లో రూకీ ఆఫ్ ది ఇయర్, 2025లో సై యంగ్ అవార్డు. గంటకు వంద మైళ్ల దాకా విసురుతాడు. ఎన్నేళ్లు మనతో ఉంటాడో, ఉన్నన్నాళ్లు చూద్దాం. ఈసారి అతను వేసే రోజుకి రెండు టికెట్లు తీస్తాను. నా పాత స్కోరు పుస్తకం తెస్తాను, రబ్బరున్న పెన్సిల్ నువ్వు తెచ్చుకో. నీకు సరిపోయే నల్ల టోపీ మీ అత్తయ్య తీసి పెట్టింది.

ఇట్లు,
మామయ్య