ఇస్లాము మతమున క్షమాగుణము

ఇస్లాము మతమును గూర్చి మనవారిలో రెండు విధములగు మాటలు వినవచ్చుచుండును. ప్రాణమునకు ప్రాణము, కంటికి కన్ను అను ప్రతీకారమే ఆ మతధర్మమని కొందఱందురు. అందు క్షమ తప్ప వేఱొండు లేదని మఱికొందఱు మెచ్చుకొందురు. దస్తావేజులో సగము మాత్రము చదివి వాదించు వకీళ్లవలె ఈ యిరుతెగలవారును నాకు దోచుచున్నారు. ఆ ధర్మమున ప్రతీకారపు హక్కును గలదు. దానిని విడిచిపెట్టుటయు గలదు. మొదటిది చట్టము, రెండవది దానికి పై మెట్టు. హక్కు చేతనుండగా దానిని వినియోగింపకుండుటయే ఇస్లామున క్షమ యనబడుచున్నది.

ముందుగా మాటలను విచారింతము. మన ముసల్మాను సోదరుల నోట నిత్యము వినుచుండు ‘సబరు’ అను అరబ్బీ పదమునకు పట్టి నిలుపుట, బిగబట్టుట యని మూలార్థము. కష్టకాలమున కుంగకుండుటకును, ధర్మాచరణమున నిలుకడకును, పరులు చేసిన కీడు నోర్చుటకును ఈ యొక్క మాటయే చెల్లును. ఖురాను 3వ అధ్యాయము 134వ వాక్యమున కోపమును దిగమ్రింగువారిని ప్రశంసించుచు వాడిన పదము మఱింత రమ్యమైనది. నీటితో నిండిన తోలుతిత్తి మూతిని గట్టివేయుటకు అరబ్బులు ఆ పదమునే వాడుదురని నిఘంటుకారులు చెప్పుదురు. తిత్తి నిండియే యున్నది. ఒలుకకుండ మూతి మాత్రము బిగింపబడినది. కోపమే పుట్టనివానిని గూర్చి యా వాక్యము చెప్పుటలేదు. అంతటితో నాగక, మనుష్యులను మన్నించుటయు, మేలొనర్చుటయు నను మఱి రెండు మెట్లను దానిపై నుంచినది.

ఇక చట్టము. పూర్వము అరబ్బు తెగలలో నొకడు చంపబడినచో, చంపినవాని తెగలో నెవ్వనినైనను, ఒకనికి బదులు పలువురనైనను చంపుట పరువుగా నెన్నబడుచుండెను. ఆ పగలు తరతరములు సాగుచుండెను. ఖురాను దీనికి హద్దు విధించెను. ప్రతీకారము నేరమునకు మించరాదు. హతుని బంధువులు ధనము గైకొని విడిచిపెట్టవచ్చును, ఊరకయే క్షమింపవచ్చును. 625వ సంవత్సరమున ఉహుదు యుద్ధమున ప్రవక్త పినతండ్రియగు హంజా చంపబడి, శవము ఛిన్నాభిన్నము చేయబడెను. దీనికి బదులు పలురెట్లు చేయుదుమని ముస్లిములు ఉద్రేకమున బలికిరనియు, సమానమునకు మించరాదనియు, ఓర్చుకొనుట యంతకంటె మేలనియు నపుడు ఉపదేశము గలిగెననియు సంప్రదాయము. హంజాను చంపిన వహ్షీ యనువాడు కొన్నేండ్లకు ఇస్లామును స్వీకరించి ప్రవక్త యెదుటికి వచ్చెను. ప్రవక్త యతనిని దండింపలేదు. తన కంటబడకుండ నుండగలవా యని మాత్ర మడిగెను. తిత్తి నిండియే యుండెను!

ఐనను యుద్ధభూమిని చూపు క్షమకంటె ఇంటి గడపలో చూపు క్షమ కష్టతరమని నా యభిప్రాయము. వ్యాజ్యములు నడపుటలోనే వయస్సు గడపుచున్న నేను, పరాయివాని దొంగతనమును మఱచినవారిని జూచితిని; తన యన్నము దినిన బంధువు పలికిన మాటను మఱచినవానిని జూచుట యరుదు. కావున మిస్తహు కథను కొంచెము విస్తరించి చెప్పెదను.

627వ సంవత్సర ప్రాంతమున ప్రవక్త యొక దండయాత్రనుండి మదీనాకు మరలుచుండగా, విడిదియందు ఆయన భార్య ఆయేషా పోయిన కంఠహారమును వెదకుచు వెనుకబడెను. ఆమె డోలీలోనే యున్నదనుకొని పరివారము సాగిపోయెను. వెనుక వచ్చుచున్న సఫ్వాను అను సహచరుడు ఆమెను తన యొంటెపై నెక్కించి, తాను నడచుచు దండును గలిసికొనెను. జరిగినదింతే. కపటులు దీనిపై నపవాదు పుట్టించిరి. సుమారొక మాసము మదీనాలో నా మాట తిరిగెను. దానిని వ్యాపింపజేసినవారిలో మిస్తహు ఒకడు. ఇతడు ఆయేషా తండ్రియగు అబూబక్రునకు తల్లివైపు బంధువు, మక్కా విడిచి వచ్చినవాడు, 624లో బదరు యుద్ధమున పోరినవాడు, నిరుపేద. అబూబక్రు ఇచ్చు భత్యముతోడ నతని జీవనము సాగుచుండెను. ఏ యింటి యన్నము దినుచుండెనో ఆ యింటి కూతునే దూషించెను.

ఆయేషా నిర్దోషియని 24వ అధ్యాయమున ప్రకటింపబడెను. స్త్రీశీలముపై నింద మోపి నలుగురు సాక్షులను జూపలేనివానికి 80 కొరడాదెబ్బలు శిక్షగా నేర్పడెను. అతని సాక్ష్యమును ఇక గ్రహింపరాదని నిర్ణయమయ్యెను. మిస్తహునకు ఆ శిక్ష పడెనని చరిత్రకారులు పలువురు వ్రాసిరి. అబూబక్రు అంతటితో శాంతింపలేదు. ఇతనికి ఇక చిల్లిగవ్వయు నియ్యనని దైవముమీద ప్రమాణము చేసెను. న్యాయవాదిగా జూచినచో నిందు దోసమేమి? భత్యము ఋణము గాదు. దానమును మానుటకు దాతకు సర్వాధికారము గలదు.

అదే అధ్యాయమున 22వ వాక్యము ఈ ప్రమాణమును గూర్చియే వెలువడెనని వ్యాఖ్యాతలందురు. కలిమిగలవారు బంధువులకును, పేదలకును, దైవమార్గమున ఇల్లు విడిచి వచ్చినవారికిని ఈయమని యొట్టు పెట్టుకొనరాదనియు, మన్నింపవలయుననియు దాని భావము. దైవము తమ్ము క్షమింపవలెనని వారికి మాత్రము లేదా యని అది ప్రశ్నించుచున్నది. పాఠకులు గమనింతురుగాక: ఆ మూడు విశేషణములును మిస్తహునకే చెల్లును. అతని నేరమును ఈ వాక్యము తగ్గింపలేదు. అతడు పశ్చాత్తాపపడెనా యని యడుగను లేదు. నేరము సంగతి చట్టము చూచుకొనెను. ఆకలితో మాడ్చుట చట్టము విధించిన శిక్షలో లేదు. మన గ్రామములలో దావా గెలిచిన పిమ్మటను ఓడిన జ్ఞాతిని పెండ్లికి బిలువక, బావినీరు దోడుకొననీయక, డిక్రీలో లేనిదానిని గూడ వసూలు చేయుచుండువారి నెందఱినో నేనెఱుగుదును. అందు నా కక్షిదారులును గలరు.

అబూబక్రు ఆ వాక్యము విని, దైవము తన్ను క్షమింపవలెననియే తన కోరిక యని చెప్పి, మిస్తహు భత్యమును మరల సాగించెను. ఇక నెన్నడును దానిని మాననని పలికెను. మఱి కోపములో చేసిన ఆ ప్రమాణము మాట యేమి? ప్రమాణభంగమునకు పరిహారము 5వ అధ్యాయమున గలదు. తన యింటివారికి సాధారణముగా బెట్టు భోజనమునే పదిమంది పేదలకు బెట్టవలెను, లేదా వారికి వస్త్రము లీయవలెను, లేదా యొక బానిసను విడిపింపవలెను. ఇవి శక్యముగానివాడు మూడు దినము లుపవసింపవలెను.