బూట్‌లోడరు – ఫ్లాషు మెమరీ పఠన వేగం

విద్యుత్తు పోయి తిరిగి వచ్చినప్పుడు ఇంటిలోని రూటరు వెంటనే పనికి రాదు. ఆ వ్యవధిలో బూట్‌లోడరు అనే చిన్న ప్రోగ్రాము, ఫ్లాషు మెమరీలో ఉన్న పెద్ద ప్రోగ్రామును చదివి ర్యామ్‌లోనికి చేరుస్తుంది. ఈ పఠనం ఎంత త్వరితమైతే యంత్రం అంత త్వరగా మేల్కొంటుంది. విద్యుత్తు లేకున్నా వ్రాతను నిలుపుకొనే ఈ మెమరీని జపానులోని తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా రూపొందించగా, అది 1984లో శాస్త్రలోకానికి వెల్లడయింది.

ఇటువంటి చిన్న యంత్రాలలో ప్రాసెసరుకు, ఫ్లాషు చిప్పుకు నడుమ తరచుగా ఎస్.పి.ఐ. అనే సన్నని మార్గం ఉంటుంది. ఒక్క క్లాకు స్పందనకు ఒక్క బిట్టు ప్రయాణిస్తుంది. చదువదలచిన ప్రతిసారీ 8 బిట్ల ఆజ్ఞను, 24 బిట్ల చిరునామాను ముందుగా పంపాలి. డ్రైవరు ఒక్కొక్క బైటునే అడిగితే బైటుకు 40 స్పందనలు. 256 బైట్లకు 10,240. చిరునామాను ఒక్కసారే చెప్పి 256 బైట్లనూ వరుసగా చదివితే 2,080 చాలు. చిప్పు మారలేదు, క్లాకు మారలేదు. అడిగే తీరు మాత్రమే మారింది.

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం నుండి నారాయణగూడకు ఇరువది పుస్తకాలు తేవలసినవాడు ఒక్కొక్క పుస్తకానికి ఒక్కొక్కమారు నడువడు కదా! ఒకే మూటగా తెస్తాడు. అశోక్‌నగర్‌లోని ముగ్గురు మిత్రులు తోడైతే పని ఇంకా సులువు. ఫ్లాషులోనూ నాలుగు తీగలపై ఒకేసారి చదివే పద్ధతి ఉంది. దత్తాంశం నాలుగు తీగలపై వచ్చే ఒక ఆజ్ఞలో, 8 ఖాళీ స్పందనలను కలుపుకొని, 256 బైట్లకు 552 స్పందనలు సరిపోతాయి. అయితే బోర్డుపై ఆ నాలుగు తీగలూ కలిపి ఉండాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఖాళీ స్పందనలు చిప్పు సిద్ధపడుటకు ఇచ్చే గడువు. వాటి సంఖ్య చిప్పును బట్టి, ఆజ్ఞను బట్టి మారుతుంది. డ్రైవరులో ఆ సంఖ్య తప్పితే బిట్లు స్థానం తప్పుతాయి; యంత్రం అసలే మేల్కొనదు. కనుక ప్రతి మార్పు తరువాత కాలాన్ని కొలవాలి, చదివిన దానిని చెక్‌సమ్‌తో సరిచూడాలి.

ఈ విద్య ఆంగ్ల మాధ్యమం వారిదేనని తెలుగు, ఉర్దూ మాధ్యమాల విద్యార్థులు వెనుదీయరాదు. పై లెక్కలకు కావలసినవి కూడిక, గుణకారం మాత్రమే. 512 బైట్లకు మూడు పద్ధతులలోను స్పందనలెన్నో స్వయంగా కట్టి చూడవలసినదిగా మా విద్యార్థులను కోరుతున్నాము.