భరతుని లేడిపిల్ల

గృహమనగా ఆలుబిడ్డలు మాత్రమే కాదు. పెరటిలోని ఆవుదూడయు, వాకిట కాచియుండు కుక్కయు ఆ యింటివే. దూడ గంతులు వేసిన ఇల్లెల్ల సంతోషించును. అది మేత ముట్టనినాడు ఇల్లాలికి అన్నము రుచింపదు. ఈ మమకారము భక్తికి అడ్డమా యను సందేహము గృహస్థులకు కలుగుట సహజము.

శ్రీమద్భాగవత పంచమస్కంధమందలి భరతుని చరిత్రము దీనికి సమాధానము. రాజ్యము విడచి ఆయన గండకీతీరమున పులహాశ్రమములో శ్రీహరి నారాధించుచుండెను. ఒకనాడు నిండుచూలాలైన లేడి సింహగర్జనకు బెదరి ఏరు దుమికెను. గర్భము జారి పిల్ల నీటిలో పడెను, తల్లి మరణించెను. భరతుడు ఆ పిల్లను దరిచేర్చి పెంచెను. మేపుట, కాచుట, లాలించుట, వీనితోనే పొద్దు గడచి పూజానియమములు ఒకటొకటిగా జారిపోయెను. అంత్యకాలమున లేడినే తలచి లేడియై పుట్టెను. అయినను పూర్వారాధనఫలమున స్మృతి తొలగక, తిరిగి ఆ ఆశ్రమమునకే చేరెను.

ప్రాణిని రక్షించుట ఆయన దోషము కాదు. భారతమున ధర్మరాజు తన్ను నమ్మి వచ్చిన కుక్కను విడచి స్వర్గమునకు రానని ఇంద్రునితో పలికెను. గృహస్థుని పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞమును ఒకటి. పోషించుట ధర్మము, దానికై స్వామిని మరచుట బంధము.

కావున స్వామికి ఆరగింపైన పిదప దాని ముద్ద దానికి పెట్టవలెను. జబ్బుపడిన సేవింపవలెను. మరణించిన కన్నీరు వచ్చుట తప్పు కాదు. ఆనాడును సంధ్యాదీపము మానరాదు.