పాలకొల్లు మాండలిన్‌కి ఒక నకలు: ఐదు తీగల లెక్క

గిటార్ పిచ్చి ఉన్నవాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది. తమకి ఇష్టమైన కళాకారుడి గిటార్‌ని అచ్చు గుద్దినట్టు మళ్ళీ తయారు చేసుకుంటారు. క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయాన్ మే వాయించే 'రెడ్ స్పెషల్' కథ మనలో చాలామందికి తెలిసిందే. 1963లో, ఇంకా స్కూల్లో ఉండగానే, వాళ్ళ నాన్నతో కలిసి ఇంట్లో దాన్ని మొదలుపెట్టాడు. మెడకి పాత ఫైర్‌ప్లేస్ చెక్క, ట్రెమొలోకి పాత మోటార్‌సైకిల్ వాల్వ్ స్ప్రింగులు వాడాడు. తర్వాత ఆయన ఖగోళ భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ కూడా చేశాడు కాబట్టి ఇంజనీరింగ్ పిల్లలకి ఆయనంటే కాస్త ఎక్కువ అభిమానం. ఆ గిటార్‌కి నకళ్ళు చేసేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు.

మేం నలుగురం కూడా ఒక నకలు చేద్దామనుకున్నాం. కాకపోతే మన గోదావరి జిల్లాలోనే పుట్టినాయన వాయిద్యానికి. ఆయన ఉప్పలపు శ్రీనివాస్. లోకానికి మాండలిన్ శ్రీనివాస్. ఈ వ్యాసంలో ఆ పని ఎలా చేశామో, అందులో లెక్కలేమిటో చెప్తాను. ఫార్ములాలు రెండు మూడు వస్తాయి, భయపడకండి. ఇంటర్ ఫిజిక్స్ సరిపోతుంది.

ఎవరి వాయిద్యం?

శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టారు. నాన్నగారు సత్యనారాయణ క్లారినెట్ వాయించేవారు. ఇంట్లో ఉన్న మాండలిన్‌ని ఆరేళ్ళ వయసులో చేతికి తీసుకుంటే, నాన్నగారి గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు ఆ పిల్లాడికి పాఠం మొదలుపెట్టారు. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకి మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విన్నది వాయించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ. 1983కల్లా బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో 'రిమెంబర్ శక్తి'లో వాయించారు. 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్ళకే చెన్నైలో పోయారు.

ఇందులో మాకు బాగా పనికొచ్చిన విషయం సుబ్బరాజు గారి పాఠమే. ఆ పిల్లాడికి ఎదురుగా మాండలిన్ వాయించి చూపించేవాళ్ళు లేరు. గొంతు ఎలా కదిలితే తీగ అలా కదలాలి, అంతే. మామూలు మాండలిన్ అందుకు ఒప్పుకోదు. నాలుగు జతలుగా ఎనిమిది తీగలుంటాయి. శ్రీనివాస్ వాయించింది విడివిడిగా ఐదే తీగలున్న ఎలక్ట్రిక్ మాండలిన్. అంటే మూడు మార్పులు: జతలు పోయాయి, ఒక తీగ స్థానం పెరిగింది, చప్పుడు చేసే డొల్ల పెట్టె బదులు పికప్ వచ్చింది. రంగూ ఆకారం ఫొటోలు చూసి ఎవరైనా దించేయొచ్చు. మేం మాత్రం ఈ మూడు మార్పుల్లో ఒక్కోటీ ఎందుకు అవసరమో లెక్కగట్టి, ఆ లెక్క ప్రకారమే కొలతలు పెట్టుకున్నాం.

జత తీగలతో గమకం ఎందుకు పలకదు?

కర్ణాటక సంగీతంలో స్వరం ఒకచోట నిలబడి ఉండదు, ఊగుతుంది. వీణ మీద ఆ ఊపుని మెట్టు మీదే తీగని పక్కకి లాగి తెస్తారు. తీగ లాగితే బిగువు పెరుగుతుంది, స్వరం పైకి వెళ్తుంది. పౌనఃపున్యం బిగువు వర్గమూలానికి అనులోమం. ఒక పూర్తి స్వరం, అంటే మధ్యమం నుంచి పంచమానికి, లాగాలంటే పౌనఃపున్యం 1.1225 రెట్లు కావాలి. అంటే బిగువు 1.26 రెట్లు.

మేం పై తీగకి 0.010 అంగుళం (0.254 మి.మీ.) ఉక్కు తీగ తీసుకున్నాం. నట్ నుంచి గుర్రం దాకా పొడవు 350 మి.మీ., శ్రుతి 523 హెర్ట్జ్. బిగువు సుమారు 53 న్యూటన్లు వచ్చింది. అది 26 శాతం పెరగాలంటే, ఉక్కు యంగ్స్ మాడ్యులస్‌తో లెక్కేస్తే తీగ అర మిల్లీమీటరు సాగాలి. ఐదో మెట్టు దగ్గర ఆ సాగుదల రావడానికి తీగని పక్కకి దాదాపు 8 మి.మీ. లాగాలి.

ఇప్పుడు అదే చోట రెండు తీగల జత ఉందనుకోండి. వేలు లాగితే రెండూ ఒకే దూరం కదలవు. ఒకటి 8 మి.మీ. కదిలి, రెండోది 6 మి.మీ. కదిలిందనుకుందాం. సాగుదల దూరం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి రెండో తీగ సాగేది మొదటిదాన్లో 56 శాతమే. ఫలితం ఏమిటంటే, ఒక తీగ పంచమం అందుకునేసరికి రెండోది ప్రతిమధ్యమం దాటి కాస్త పైన ఆగిపోతుంది. వినేవాళ్ళకి అది గమకం కాదు, గోల. జతలు తీసెయ్యడం అనే మార్పు వెనక ఈ రెండు మిల్లీమీటర్ల లెక్క ఉంది. ఒంటి తీగలైతే మెడ మీద మొత్తం బరువు కూడా తగ్గుతుంది.

ఐదో తీగ సంగతి తేలిక. ఎనిమిది తీగల మాండలిన్‌లో కింది స్థాయి తొందరగా అయిపోతుంది. మంద్రంలోకి దిగాలంటే కింద ఇంకో తీగ ఉండాలి. మా నకలుకి మేం ఎంచుకున్న శ్రుతి కింది నుంచి స-ప-స-ప-స. వీణ నేర్చుకున్నవాళ్ళకి ఈ వరస చేతికి తొందరగా పట్టుబడుతుందని అలా పెట్టాం.

మెట్ల లెక్క

వీణ మీద 24 మెట్లని మైనంలో కూర్చుతారు. పనివాడు చెవితో విని జరిపి సరిచేస్తాడు. మన మెట్లని రంపం గాడిలో కొడతాం, ఒకసారి కొడితే కదలవు. కాబట్టి లెక్క ముందే సరిగ్గా ఉండాలి.

ఒక్కో మెట్టుకి పౌనఃపున్యం 2 పన్నెండో మూలం, అంటే 1.05946 రెట్లు పెరుగుతుంది. 350 మి.మీ. పొడవుకి నట్ నుంచి దూరాలు ఇలా వచ్చాయి: 1వ మెట్టు 19.64, 5వది (శుద్ధ మధ్యమం) 87.80, 7వది (పంచమం) 116.40, 12వది (తారా షడ్జమం) సరిగ్గా సగం, 175 మి.మీ. మాయామాళవగౌళ వాయించాలంటే 1, 4, 5, 7, 8, 11, 12 మెట్లు. సరళీ స్వరాలు నేర్చుకున్న ప్రతివాళ్ళూ వెంటనే చేసి చూసుకోవచ్చు.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. ప్రతి కొలతా నట్ నుంచే తియ్యాలి. ఒక మెట్టు నుంచి పక్క మెట్టుకి కొలుచుకుంటూ పోతే ఒక్కోచోట 0.2 మి.మీ. తేడా చొప్పున 12వ మెట్టుకి 2.4 మి.మీ. దాకా పేరుకోవచ్చు. అక్కడ 1 మి.మీ. తేడా ఉన్నా శ్రుతి దాదాపు 10 సెంట్లు మారుతుంది. సెంటంటే అరస్వరంలో నూరో వంతు. మేం లెక్కలన్నీ స్ప్రెడ్‌షీట్‌లో వేసి, లేజర్ కట్టర్ మీద యాక్రిలిక్ టెంప్లేట్ కోయించి, దాన్ని చెక్కకి అంటించి గాళ్ళు కోశాం.

ఇంకో తమాషా ఉంది. ఈ లెక్కలో అంతర గాంధారం 72.20 మి.మీ. దగ్గర పడింది. తంబురా షడ్జమంలోంచి సహజంగా వినిపించే గాంధారం (5:4 నిష్పత్తి) అయితే 70 మి.మీ. దగ్గరే ఉండాలి. అంటే మెట్టు మీది గాంధారం 14 సెంట్లు ఎక్కువ పలుకుతుంది. తీగ లాగితే స్వరం పెరుగుతుందే గానీ తగ్గదు కదా! దానికి దారేమిటంటే, ఒక మెట్టు వెనక్కి వెళ్ళి, అక్కడి నుంచి లాగి కావలసిన చోట ఆపడం. అంటే లాగడం వచ్చినవాడికి మెట్టు ఒక ఆధారం మాత్రమే. రాగానికి ఏ గాంధారం కావాలో చెవి చెప్తుంది, వేలు వెతుక్కుంటుంది. మెక్‌లాఫ్లిన్ తన 'శక్తి' రోజుల గిటార్‌లో మెట్ల మధ్య చెక్కని పల్లంగా చెక్కించుకున్నది కూడా తీగ లాగడానికి వీలుగా ఉండాలనే. వీణలో ఎత్తు మెట్లు చేసే పనే అది.

చెక్క

బొబ్బిలి వీణలు చేసేది పనస చెక్కతో. ఒకే మొద్దులోంచి తొలిస్తే దాన్ని ఏకాండి వీణ అంటారు. మేం కూడా ఒంటికి పనసే తీసుకున్నాం. కాకపోతే తొలవకుండా గట్టి పలకగా వాడాం. మెడకి టేకు, దాని మీద మెట్ల పలకకి రోజ్‌వుడ్. రాజమండ్రి కలప అడితీలో పెద్దాయన మా డ్రాయింగ్ చూసి అడిగాడు:

"ఇది తలుపుకా బాబూ, వాయిద్యానికా?"

"వాయిద్యానికండి."

"అయితే పాతిళ్ళు ఇప్పినప్పుడు వచ్చిన ముక్క పట్టుకెళ్ళండి. కొత్తగా కోసింది పట్టుకెళ్తే వానాకాలం వచ్చేసరికి వంకర్లు తిరిగిపోద్దండి."

మన డెల్టా గాలిలో తేమ సంగతి ఆయనకి మనకంటే బాగా తెలుసు. పాత దూలం ముక్కే తీసుకున్నాం. మా ఐదు తీగల మొత్తం లాగుడు సుమారు 25 కిలోల బరువుతో సమానం. అందుకని మెడ లోపల సన్నని ఉక్కు పట్టీ ఒకటి పొదిగాం.

పికప్

డొల్ల పెట్టె ఉన్న మాండలిన్‌లో తీగ శక్తిని పెట్టె తొందరగా గాల్లోకి పంపేస్తుంది. చప్పుడు బాగుంటుంది గానీ స్వరం వెంటనే చచ్చిపోతుంది. స్వరమే నిలవకపోతే ఊపడానికి ఏముంటుంది? గట్టి పలక మీద తీగ ఎక్కువసేపు మోగుతుంది. చప్పుడు సంగతి పికప్, యాంప్లిఫయర్ చూసుకుంటాయి.

పికప్ అంటే ఫారడే నియమమే. అయస్కాంతం మీద ఉక్కు తీగ కదిలితే ఫ్లక్స్ మారుతుంది, చుట్టలో వోల్టేజి పుడుతుంది. బజారులో దొరికే గిటార్ పికప్‌కి ఆరు ధ్రువాలుంటాయి, మన ఐదు తీగల ఎడానికి అవి కలవవు. పైగా తీగ పక్కకి 8 మి.మీ. జరిగినప్పుడు ధ్రువం మీద నుంచి తప్పుకుంటే చప్పుడు పడిపోతుంది. అందుకని విడి ధ్రువాల బదులు ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే ఇనప పట్టీ పెట్టాం. దాని చుట్టూ 0.06 మి.మీ. ఎనామిల్ రాగి తీగ, 6,000 చుట్లు. అది వెంట్రుక అంత సన్నం. కుట్టుమిషన్ మోటారుతో చుట్టాం. చుట్లు లెక్కపెట్టడానికి పాత కాలిక్యులేటర్‌లో '=' మీటకి రీడ్ స్విచ్ కలిపి, తిరిగే చక్రానికి అయస్కాంతం అంటించాం. 1 + నొక్కి వదిలేస్తే ఒక్కో చుట్టుకి ఒక్కో అంకె పెరుగుతుంది. పూర్తయ్యాక నిరోధం 4 కిలో ఓమ్‌ల చుట్టుపక్కల వచ్చింది. 250 కిలో ఓమ్‌ల వాల్యూమ్, 0.047 మైక్రోఫారడ్ టోన్ కెపాసిటర్ పెట్టాం. 50 హెర్ట్జ్ గుయ్ మనే చప్పుడు తగ్గడానికి లోపలంతా రాగి రేకు అంటించి, గుర్రాన్ని ఎర్త్‌కి కలిపాం.

ఎవరు వాయించాలి?

ముందు మా బ్యాండ్ గిటారిస్టు వాయించాడు. శ్రుతి కుదిరింది, మెట్లు సరిగ్గా పలికాయి, వాడికి నచ్చింది. తర్వాత చిన్నప్పటి నుంచి వీణ నేర్చుకున్న మా జూనియర్ ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఐదో మెట్టు మీద మధ్యమం మీటి, పంచమం దాకా లాగి, మళ్ళీ వదిలింది. లెక్క కన్నా కాస్త ఎక్కువే లాగాల్సి వచ్చింది, ఎందుకంటే తీగ నట్ వెనకా గుర్రం వెనకా కూడా సాగుతుంది.

"పలుకుతోంది అన్నా. కానీ పై తీగని బయటికి లాగితే అంచు దాటిపోతోంది. లోపలికే లాగాలి. పక్క తీగ కింద వేలు దూరేలా ఎడం ఇంకొంచెం ఉంటే బాగుంటుంది."

ఈ ఒక్క మాటకి మేం రెండో నట్ కోశాం. మెడ చివర 36 మి.మీ. వెడల్పు ఉన్న చోట తీగల వరసని లోపలికి జరిపి, పై తీగకీ రెండో తీగకీ మధ్య ఎడం పెంచాం. ఆ అమ్మాయి మళ్ళీ వాయించింది. ఈసారి కళ్ళు మూసుకుని, మెట్లకేసి చూడకుండా వాయించింది. ట్యూనర్ యాప్‌లో సూది ఒక అంకె దగ్గర నిలబడకుండా అటూ ఇటూ ఊగుతూ ఉంది. మెకానికల్ ల్యాబ్‌లో మీటరు ముల్లు అలా ఊగితే రీడింగ్ తప్పంటాం. ఇక్కడ మాకు కావలసింది అదే.

శ్రీనివాస్ గారి చేతి పనితనం మా పనస పలకలోకి వచ్చిందని ఎవరూ అనరు, మేమూ అనం. కానీ పాలకొల్లు కుర్రాడు ఒకడు గొంతుని తీగ మీదికి తేవాలనుకుంటే ఆ వాయిద్యంలో ఏ ఏ అడ్డాలు తీసెయ్యాలో ఇప్పుడు మాకు కొలతలతో సహా తెలుసు. రెడ్ స్పెషల్ వివరాలు నోటికి చెప్పే మనకి ఇవి కూడా తెలిసి ఉండాలి.

ఎవరైనా చెయ్యదలుచుకుంటే మా స్ప్రెడ్‌షీట్, టెంప్లేట్ డ్రాయింగ్ ఇస్తాం. గుర్రాన్ని మాత్రం జరిపేలా పెట్టుకోండి: 12వ మెట్టు మీద నొక్కి మీటిన స్వరం, అక్కడే తీగని తాకీ తాకకుండా మీటిన హార్మోనిక్ ఒకటే పలికేదాకా జరపాలి. వాయిద్యం క్లబ్ గదిలో ఉంది. వీణో వయొలినో నేర్చుకున్నవాళ్ళు ముందు రండి. ఇంకా ఎక్కడ అడ్డొస్తోందో మీరే చెప్పగలరు.