మగ్గానికి చోటున్న ఇల్లు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. కట్టుకొనే స్తోమత లేక అద్దె ఇంటికై వీధులు తిరిగేవాని అవస్థకు ఆ సామెతలో చోటు దొరకలేదు. చిన్న పట్టణంలో పేద కుటుంబానికి కావలసింది నాలుగు గోడలు మాత్రమే కాదు. వాటి నడుమ బ్రతుకుతెరువు కూడా ఇమడాలి.

శ్రీ సత్యసాయి జిల్లాలోని ధర్మవరం పట్టుచీరలకు ప్రసిద్ధి. అక్కడ అద్దె ఇండ్లలోనే మగ్గం పెట్టుకొని నేసే కుటుంబాలు అనేకం. ఉద్యోగి ఇల్లు చూచేటప్పుడు గదులు లెక్కిస్తాడు. నేతగాడు ముందుగా నేలను చూస్తాడు. గుంట మగ్గంపై నేసేవాడు కాళ్ళు గుంటలోనికి దించి, అడుగునున్న కర్రలను తొక్కుతూ నేయాలి. ఆ గుంట తవ్వడానికి యజమాని సమ్మతించాలి. సమ్మతించినా, ఇల్లు పల్లంలో ఉంటే వానాకాలంలో గుంటలో నీరూరుతుంది. ఆరేవరకు నేత సాగదు. నేత లేనినాడు కూలి లేదు. అద్దె మాత్రం ఆగదు. ఆ ఇల్లు అంత చౌకగా ఎందుకు దొరికిందో మొదటి వానకుగాని తెలియదు!

ఇటువంటి ఇండ్ల సమాచారం తెలిసినవారి నోటిమాటగానే అందుతుంది. అద్దె సంగతికి ముందే కులమడిగే యజమానులు నేటికీ ఉన్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదలకు టిడ్కో సంస్థ 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లు నిర్మించింది. అవి సొంతానికి ఇచ్చేవే కాని అద్దెకు కావు. పైగా మూడవ అంతస్తులో గుంట ఎక్కడ తవ్వగలరు? నేలపై నిలిచే మగ్గమున్నదనవచ్చు. అంత చిన్న ఇంటిలో అది నిలిస్తే మనుషులు పడుకొనే చోటు కరవవుతుంది. అద్దె ఇండ్లకై కేంద్రం 2020లో ఒక పథకం తెచ్చింది. 2024లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగం రెండవ దశలోనూ వాటిని చేర్చింది.

కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ప్రకారం ఒప్పందం వ్రాతపూర్వకంగా ఉండాలి. నివాసగృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెను మించరాదు. అయితే అది నమూనాయే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే వర్తిస్తుంది. చట్టం సంగతి ఎట్లున్నా, కాగితం వ్రాయించుకోవడం అద్దెదారునికి రక్ష. సగం నేసిన చీర మగ్గంపై ఉండగా ఇల్లు ఖాళీ చేయమంటే ఆ నష్టం పూడ్చేవారుండరు. కాబట్టి అద్దె, అడ్వాన్సులతోపాటు, మగ్గం మీది నేత ముగిసేవరకు గడువు, గుంట తవ్వడానికి అనుమతి, వెళ్ళేనాడు దానిని పూడ్చే ఖర్చు ఎవరిదన్నది కూడా అందులో ఉండాలి.